కంప్యూటరు పక్కన ట్రెజరీ గుమాస్తా
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మన పండుగ. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను దయాధర్మం కాదని తేల్చి చెప్పింది. ఆ సంగతి అధ్యక్షులవారు వివరంగా చెప్పారు గనుక నేను మళ్ళీ ఎత్తుకోను. కార్యదర్శిగారు నాతో, "డి.ఎ. గురించి మాట్లాడేవారు ఆరుగురున్నారండీ, మీరు మరేదైనా మాట్లాడండి, కంప్యూటర్ల గురించైతే పిల్లలు కూడా వింటారు" అన్నారు. నేను సైంటిస్టును కాను. ట్రెజరీలో బిల్లులు చూసి చూసి కళ్ళద్దాలు మందమైన గుమాస్తాను. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే, హైదరాబాదులో ఉద్యోగం చేసే మా చిన్నవాడు తన పనేమిటో ఒకసారి అరగంట సేపు చెప్పగా విని, "ఒరే, ఇది నేను ముప్ఫయి యేళ్ళు చేసిన పనే గదరా!" అన్నాను. వాడు నవ్వాడు గాని కాదనలేదు.

వాడి పనికి పేరు మానిటరింగ్. అనగా, పెద్ద పెద్ద కంప్యూటరు వ్యవస్థలు నడుస్తూ ఉండగానే, అవి సక్రమంగా నడుస్తున్నాయా లేదా అని నియమాల ప్రకారం కనిపెట్టి ఉండటం. చూసేది మనిషి కాదు, మరొక చిన్న ప్రోగ్రాము. మావాడి బృందం ఆ చిన్న ప్రోగ్రాముకు నియమాలు రాసి ఇస్తుంది.

దీనికి వేరే కావలి ఎందుకు, ముందే పరీక్ష చేసుకుని వదలవచ్చు గదా అని నేనూ అడిగాను. బ్యాంకుకో, రైలుకో, రాకెట్టుకో రాసే ప్రోగ్రాములో లక్షల పంక్తులుంటాయట. అందులో ఎదురుకాగల పరిస్థితులన్నీ ముందుగా పరీక్షించాలంటే మనుషుల ఆయుష్షు చాలదు. పోనీ అంతా అయిపోయిన తరవాత లెక్కలు తీసి చూద్దామంటే, అప్పటికి జరగవలసిన నష్టం జరిగిపోతుంది. మన భాషలో చెబితే, మొదటిది బిల్లు తయారుచేసే ఆఫీసు వారి జాగ్రత్త, చివరిది ఎ.జి. ఆడిట్. ఈ రెంటికీ నడుమ, డబ్బు చేతికి వెళ్ళే ముందు క్షణంలో నిలబడి చూసేవాడు ట్రెజరీ గుమాస్తా. వాడు బిల్లు రాయడు, డబ్బు ఖర్చు పెట్టడు. డ్రాయింగ్ ఆఫీసరు సంతకం మన దగ్గరున్న నమూనా సంతకంతో సరిపోయిందా, మంజూరు ఉత్తరువు ఉందా, బడ్జెట్ మిగిలి ఉందా, కూడిక సరిగా ఉందా, ఇదే క్లెయిము ఇదివరలో చెల్లించామా, ఇవి చూస్తాడు. అన్నీ కుదిరితే పాసు. ఒక్కటి కుదరకపోయినా ఆపుతాడు. బిల్లు తయారుచేసినవాడే బిల్లు పాసు చేయకూడదన్నది మనకు పాత సూత్రం. కంప్యూటరువారిదీ అదే సూత్రం. కావలి ప్రోగ్రాము అసలు ప్రోగ్రాములో కలిసిపోకుండా వేరుగా ఉండాలంటారు.

నియమాలు కూడా మనవంటివే. కొన్ని హద్దుల నియమాలు: వేడి ఇంత దాటకూడదు, ఒక్కరోజులో కార్డు మీద ఇంతకు మించి డబ్బు తీయకూడదు. కొన్ని వరుస నియమాలు: ముందు మంజూరు, తరవాత బిల్లు, రెండవది ముందు వస్తే ఏదో తిరకాసు ఉన్నట్టు. కొన్ని పొత్తు నియమాలు: ఒకే సంగతిని మూడు సాధనాలు కొలుస్తుంటే, రెండు ఒకటి చెప్పి మూడవది వేరే చెబితే, మూడవదాన్ని అనుమానించు. ఇంకొకటి నాకు బాగా నచ్చింది, అది మౌనం మీద నియమం. రాత్రిపూట గూర్ఖా ఈల వినిపిస్తూ ఉన్నంతసేపు మనం నిద్రపోతాం. ఈల ఆగితే మెలకువ వస్తుంది. యంత్రాల్లోనూ అంతే. పనిచేస్తున్న ప్రోగ్రాము ప్రతి కాసేపటికీ "ఉన్నాను" అని ఒక గడియారాన్ని తట్టాలి. తట్టకపోతే ఆ గడియారం, అది ఎక్కడో చిక్కుకుపోయిందని భావించి, దాన్ని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టిస్తుంది. దీన్ని వారు 'కావలికుక్క' అంటారు.

ఇక అసలు కథకు వస్తాను. మన రాష్ట్రంలోనే, నెల్లూరు దాటిన తరవాత శ్రీహరికోట ఉంది. అక్కడి నుంచి రాకెట్లు ఎగరటం మీరందరూ టీవీలో చూసే ఉంటారు. 2001 మార్చి 28న జి.ఎస్.ఎల్.వి. అనే పెద్ద రాకెట్టును మొట్టమొదటిసారి ఎగరవేయాలని ముహూర్తం. మధ్యాహ్నం 3 గంటల 47 నిమిషాలకు. మార్చి 28 అంటే ట్రెజరీలో ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. నెలాఖరుకు గ్రాంటు మురిగిపోతుందని ప్రతి ఆఫీసువాడూ కట్టలు కట్టలు బిల్లులు తెచ్చి బల్ల మీద పడేస్తున్నాడు. రాత్రి ఇంటికి వచ్చి వార్తల్లో చూశాను. నిప్పు వచ్చింది, పొగ వచ్చింది, రాకెట్టు మాత్రం కదలలేదు. మర్నాడు ఆఫీసులో అందరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తప్పని తరవాత పేపరు వివరంగా చదివితే గాని తెలియలేదు.

ఆ రాకెట్టు సుమారు 400 టన్నుల బరువు. నడుమ ఘన ఇంధనంతో పెద్ద మోటారు, దాని చుట్టూ ద్రవ ఇంధనంతో నాలుగు ఇంజన్లు. ఘన ఇంధనాన్ని ఒకసారి వెలిగిస్తే ఆర్పటం ఎవరి తరమూ కాదు. ద్రవ ఇంజన్లనైతే కట్టివేయవచ్చు. అందువల్ల ముందు ద్రవ ఇంజన్లు నాలుగింటినీ వెలిగిస్తారు. నాలుగైదు సెకన్లు ఆగి గాని నడిమి మోటారు వెలిగించరు. ఆ నాలుగైదు సెకన్లలో కంప్యూటరు నాలుగు ఇంజన్ల బలాన్నీ కొలిచి చూస్తుంది. ఆ రోజు ఒక ఇంజనుకు రావలసినంత బలం రాలేదు. నియమం ప్రకారం కంప్యూటరు అన్నింటినీ ఆర్పేసింది. ఎగరటానికి ఇంకా ఒక్క సెకను ఉంది. ఆ ఒక్క సెకనులో మనిషి కన్నార్పటం తప్ప మరేమీ చేయలేడు. తరవాత విప్పి చూస్తే, ఆ ఇంజనులోకి ఆక్సిడైజరు వెళ్ళే గొట్టంలో లోపం ఉండి, ప్రవాహం తగ్గిందని తేలింది. దాన్ని మార్చారు. మూడు వారాలకు, ఏప్రిల్ 18న అదే రాకెట్టు జీశాట్-1 ఉపగ్రహాన్ని తీసుకుని పైకి లేచింది. ఆ మొదటి రోజున ఆపకపోతే రాకెట్టూ, ఉపగ్రహమూ, బహుశా ప్రయోగ వేదికా కూడా మిగిలేవి కావు.

ఇందులో నాకు కంప్యూటరు తెలివికన్నా, ఆ నాలుగైదు సెకన్ల ఎడమ వదిలిపెట్టినవారి తెలివి గొప్పగా కనిపించింది. ఆపటానికి వీలున్న చోట కావలివాణ్ణి కూర్చోబెట్టారు. చెక్కు చేతికిచ్చి పంపిన తరవాత అబ్జెక్షను రాసి ప్రయోజనమేమిటి?

రైల్వేవారి 'కవచ్' కూడా ఈ జాతిదే. 2022 మార్చి 4న సికిందరాబాదు డివిజనులో గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి స్వయంగా ఇంజనులో కూర్చుండగా, ఎదురుగా మరో ఇంజనుతో పరీక్షించారు. 380 మీటర్ల దూరంలో బండి తనంతట తానే ఆగింది. అది కూడా మొదట డ్రైవరును హెచ్చరించి, అతడు వినకపోతేనే తాను బ్రేకు వేస్తుంది. సరే, ముందుకు పోదాం.

ఇంతవరకు విన్నవారు, "అయితే నియమాలు పెట్టుకుంటే సరిపోయింది" అనుకోవచ్చు. 2022 ఆగస్టు 7న అదే శ్రీహరికోట నుంచి ఎస్.ఎస్.ఎల్.వి. అనే చిన్న రాకెట్టు మొదటిసారి ఎగిరింది. అందులో ఆజాదీశాట్ అనే బుల్లి ఉపగ్రహం ఉంది. దేశంలోని 75 ప్రభుత్వ పాఠశాలల్లో చదివే 750 మంది ఆడపిల్లలు తమ చేతులతో అమర్చిన పరికరాలు అందులో ఉన్నాయి. రాకెట్టు చక్కగా పైకి వెళ్ళింది. రెండవ దశ విడిపోయేటప్పుడు, రాకెట్టు వేగం ఎలా మారుతున్నదో కొలిచే సాధనాలు ఉండే పళ్ళెం కొద్దిసేపు అదిరింది. ఆ అదురుకు వాటి అంకెలు హద్దు దాటాయి. లోపాన్ని కనిపెట్టే ప్రోగ్రాము తన నియమం చూసుకుని, "ఈ సాధనాలు చెడిపోయాయి" అని రాసేసింది. నిజానికి అవి చెడిపోలేదు, అదిరాయి, అంతే. కాని ఆ మాట మీద రాకెట్టు వాటిని నమ్మటం మానేసి, ఆపద్ధర్మంగా ముందే రాసిపెట్టిన దారిలో గుడ్డిగా పోయింది. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా తిరగవలసిన ఉపగ్రహాలు, ఒక వైపు 356, ఇంకొక వైపు 76 కిలోమీటర్ల కక్ష్యలో పడ్డాయి. 76 కిలోమీటర్ల దగ్గర గాలి ఉంటుంది. అక్కడ ఏ ఉపగ్రహమూ నిలవదు. రెండూ పోయాయి.

మాచర్ల, గురజాల వైపు వారికి ఇది ఒక్క ముక్కలో బోధపడుతుంది. సాగరు కుడి కాలువ మీద లస్కరు గేజి చూస్తాడు గదా! గాలికి ఒక అల లేచి గేజి మీద ఎర్ర గీతను తాకగానే వాడు ఫోను దగ్గరకు పరుగెత్తడు. చుట్ట ముట్టించుకుని కాసేపు చూస్తాడు. అల అయితే పోతుంది, మట్టమైతే నిలుస్తుంది. నిలిచిందని తెలిసిన తరవాతనే కబురు చేస్తాడు. యంత్రానికి కూడా ఈ ఓపికను నియమంగానే రాయాలి. హద్దు దాటితే అని రాస్తే చాలదు, ఇంతసేపు దాటి ఉంటే అని రాయాలి. ఆ 'ఇంతసేపు' ఎంతో నిర్ణయించటమే అన్నిటికన్నా కష్టం. మరీ తక్కువైతే అలను చూసి కాలువ కట్టేస్తాం, మరీ ఎక్కువైతే గట్టు తెగిపోతుంది.

ఇస్రోవారు ఆ వైఫల్యాన్ని దాచుకోలేదు. ఏమి జరిగిందో ప్రకటించారు. దశలు విడిపోయే అమరికను మార్చి, లోపాన్ని నిర్ణయించే తర్కాన్నీ సవరించి, 2023 ఫిబ్రవరి 10న మళ్ళీ ఎగరవేశారు. ఈసారి ఆజాదీశాట్-2 క్షేమంగా కక్ష్యలోకి చేరింది.

మూడవది చిన్న కథ. 2023 అక్టోబరు 21న, మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్‌కు ముందుగా ఒక పరీక్ష. ఉదయం 8 గంటలకని చెప్పి, వాతావరణం బాగాలేక 8.45కు జరిపారు. ఇంకా 5 సెకన్లుండగా కంప్యూటరు ఆపేసింది. రాకెట్టు బాగానే ఉంది. కనిపెట్టే ఏర్పాటులోనే చిన్న తేడా వచ్చిందని అప్పటి ఛైర్మన్ సోమనాథ్ గారు తరవాత చెప్పారు. అంటే కావలివాడే పొరబడ్డాడు. అయితే పక్కనే నిపుణులున్నారు, ఏ నియమం దగ్గర ఆగిందో తెరమీద చూశారు, కారణం తెలుసుకున్నారు, సవరించారు. 10 గంటలకు ఎగిరింది. పొరపాటున ఆపినందుకు ఎవరూ పెద్దగా నష్టపోలేదు. ఎందుకంటే రాకెట్టు నేలమీద ఉంది, అడిగేవాడూ చెప్పేవాడూ దగ్గరలో ఉన్నారు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఇంతకాలం ఎవరితోనూ చెప్పలేదు. 1986 ప్రాంతంలో నేనొక సబ్ ట్రెజరీలో ఉన్నాను, ఊరి పేరు చెప్పను. ఒక ప్రాథమిక పాఠశాల పంతులుగారి భార్యకు కుటుంబ పెన్షను బకాయిలు వచ్చాయి. పి.పి.ఓ.లో 'రామలక్ష్మమ్మ' అని ఉంది, ఆవిడ తెచ్చిన కాగితాల్లో 'లక్ష్మమ్మ' అని ఉంది. నేను ఎర్రసిరాతో రాసి తిప్పి పంపాను. నెల తరవాత ఆవిడ మళ్ళీ వచ్చింది. ఆ ఆఫీసువారు పేరు సరిచేయకుండా, వేరే ఏదో కాగితం జతచేసి పంపారు. మళ్ళీ తిప్పాను. మూడవసారి వచ్చినప్పుడు మధ్యాహ్నం దాకా వేపచెట్టు కింద కూర్చుని, మూట విప్పి చద్దన్నం తిన్నది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నా మనసులో మాట ఒక్కటే, నియమం నా పక్షాన ఉంది.

అప్పుడే కొత్తగా వచ్చిన ఎస్.టి.ఓ. గారు ఆవిణ్ణి చూసి నన్ను పిలిచారు. ఫైలు చూసి, "నీ అబ్జెక్షను తప్పు కాదయ్యా. ఆపటం నీ పనే. కాని ఆపిన కాగితం ఎవరి బల్లమీదికి పోవాలి, వాడు ఏమి చేస్తే విడుదలవుతుంది, ఇది ఎవరి పని? ఆవిడ పనా?" అన్నారు. ఆయనే ఫోను తిప్పి ఆ ఆఫీసు పెద్దతో మాట్లాడారు. ఇద్దరు లక్ష్మమ్మలూ ఒకరేనని ధ్రువపత్రం నాలుగు రోజుల్లో వచ్చింది. బిల్లు పాసయింది. ఆవిడ డబ్బు తీసుకుని నాకు కూడా దణ్ణం పెట్టి వెళ్ళింది. ఆ దణ్ణం నాకు ఇప్పటికీ అరగలేదు.

మావాడితో ఈ సంగతి చెబితే వాడు తన బాధ చెప్పాడు. వాళ్ళ దగ్గర నియమాలు వందల్లో ఉన్నాయట. రాత్రి రెండు గంటలకు ఫోను మోగుతుంది, లేచి చూస్తే ఏమీ ఉండదు. పదిసార్లు అలా అయ్యాక పదకొండవసారి మనిషి లేవడు, లేదా ఫోను నోరు నొక్కేస్తాడు. ఆ పదకొండవదే నిజమైనదవుతుంది. అందువల్ల ఇప్పుడు కొత్త నియమం రాయాలంటే వాళ్ళు ముందు రెండు ప్రశ్నలు వేసుకుంటారట: ఇది మోగితే లేచేవాడెవడు? లేచి వాడు చేయగలిగిన పని ఏమిటి? ఈ రెంటికీ జవాబు లేకపోతే ఆ నియమం రాయరు. పాత ఎస్.టి.ఓ. గారు వెళ్ళి మావాడి కంపెనీలో చేరారా అనిపించింది నాకు.

ఈ ఏడాది మన సభ్యులలో ఒకరికి రెండు నెలలు పెన్షను ఆగింది. ఎనభై దాటినవారు, పేరు వద్దన్నారు. లైఫ్ సర్టిఫికేటుకు వేలిముద్ర వేస్తే యంత్రం తీసుకోలేదు. మనలో చాలామందికి వేళ్ళు అరిగిపోయి ముద్రలు పడవు. ముఖం చూపించి సర్టిఫికేటు తీసుకునే సదుపాయం 2021 నుంచి ఉంది గనుక, మనవడి ఫోనులో అది చేశారు. పని అయిందన్నది ఫోను. పెన్షను మాత్రం రాలేదు. ఒక చోటికి వెళితే ఇంకొక చోటికి పొమ్మన్నారు, అక్కడివారు మళ్ళీ ఇక్కడికే పంపారు. ఎవరిని అడిగినా ఒకటే మాట, "సిస్టం తీసుకోవటం లేదండీ." ఆయన వెంట నేనూ నాలుగు రోజులు తిరిగాను. ఆఖరుకు ఒక చిన్న వయసు అమ్మాయి, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది, "ఉండండి తాతయ్యగారూ" అని ఆ రోజు నమోదులన్నీ తెరిచి చూసింది. పది నిమిషాల్లో దొరికింది. మనవడు పి.పి.ఓ. నంబరులో ఒక అంకె తప్పు కొట్టాడు. సర్టిఫికేటు ఎవరి ఖాతాకూ అతుక్కోకుండా అలాగే ఉండిపోయింది. యంత్రం తన నియమం ప్రకారం సరిగానే ఆపింది. ఏ నియమం దగ్గర ఆపిందో లోపల రాసుకున్నది కూడా. బయటివాడికి మాత్రం ఆ మాట చెప్పలేదు, చెప్పమని దానికి ఎవరూ నేర్పలేదు. ఆ రెండు నెలలూ ఆయన బి.పి. మాత్రలు అప్పు మీద తెచ్చుకున్నారు.

ఆయన పెన్షను నేలమీద నిలబడి ఉన్న రాకెట్టు కాదు, ఆపి తాపీగా చూసుకోవటానికి. మందులు, పాలు, అద్దె ఇవన్నీ నడుస్తూనే ఉంటాయి. కనుక మన సంఘం తరఫున ఒక వినతిపత్రం రాశాం. కంప్యూటరు వద్దని అందులో ఎక్కడా లేదు, దొంగ పెన్షన్లను ఆపేదీ అదే గదా. అడిగినవి మూడు. పెన్షను ఆపినప్పుడు ఏ నియమం ప్రకారం, ఏ అంకె కుదరక ఆగిందో తెలుగులో సెల్‌ఫోనుకు కబురు రావాలి. దాన్ని చూసి సరిచేసే అధికారి ఎవరో అందులోనే ఉండాలి. మనిషి స్వయంగా ఎదుట నిలబడి బతికే ఉన్నానంటే, కాగితం సరిపడేదాకా తాత్కాలికంగా పెన్షను ఇస్తూ ఉండాలి.

భోజనాలైన తరవాత ఆ పత్రం వెనక వరుసలోని బల్లమీద ఉంటుంది. అందరూ సంతకాలు చేయండి. పక్కన పి.పి.ఓ. నంబరు కూడా రాయాలి. కళ్ళద్దాలు పెట్టుకుని, పుస్తకం దగ్గర పెట్టుకుని, ఒక్కొక్క అంకె చూసి రాయండి. మనవడికి ఇవ్వకండి.